ఇంగ్లిష్ నామవాచకాలు: రకం చెప్పడం తేలికే, వాక్యంలో కూర్చోబెట్టడమే కష్టం

నౌన్ అంటే ఏమిటని అడిగితే బడికెళ్లిన ఎవరైనా గడగడా చెప్పేస్తారు. మనుషుల పేర్లు, ప్రదేశాల పేర్లు, వస్తువుల పేర్లు. రకాలు ఐదు: ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్, ఆబ్‌స్ట్రాక్ట్. నేనూ అలాగే చెప్పేవాణ్ణి, మార్కులూ బాగానే పడేవి. తర్వాత మొదటిసారి ఉద్యోగానికి దరఖాస్తు రాసుకున్నప్పుడు ‘ప్లీజ్ సెండ్ మీ ద ఇన్ఫర్మేషన్స్’ అని రాశాను. ఒకసారి చూసి పెట్టమని ఇస్తే, తెలిసిన పెద్దాయన ఆ చివరి ఎస్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఏమీ అనకుండా వెనక్కిచ్చారు. ఇన్ఫర్మేషన్ ఏ రకం నౌనో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. దాని పక్కన ఎస్ పెట్టొచ్చా లేదా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తెలుగు మాట్లాడేవాళ్లకు ఇంగ్లిష్ నౌన్లతో వచ్చే చిక్కంతా ఇక్కడే. రకం పేరు తెలిసినంత మాత్రాన వాక్యం కుదరదు. ఈ మాట లెక్కకు వస్తుందా, ముందు ‘ఎ’ పెట్టాలా ‘ద’ పెట్టాలా, వెనక ఎస్ రావాలా, పక్కన ఈజ్ ఉండాలా ఆర్ ఉండాలా అన్నవి తేలితేనే కుదురుతుంది. కాబట్టి రకాలను ఆ ప్రశ్నలతోనే ముడిపెట్టి ఒక్కో అడుగూ వేద్దాం.

మొదటి అడుగు: నౌన్‌ను గుర్తుపట్టడం

మాటను చూసి ఇది నౌన్ అని తేల్చేయకండి, అది కూర్చున్న చోటును చూడండి. ‘వాటర్’ నీళ్లు కదా, నౌనే అనుకుంటాం. కానీ ‘ప్లీజ్ వాటర్ ద ప్లాంట్స్’లో అదే వాటర్ క్రియ. ‘బుక్’ పుస్తకం, ‘బుక్ ఎ టికెట్’లో మళ్లీ క్రియ. ఇంగ్లిష్‌లో ఇలాంటి మాటలు వందల కొద్దీ ఉంటాయి.

పరీక్ష తేలిక. మాట ముందు ‘ఎ’, ‘ద’, ‘మై’, ‘దిస్’ లాంటివాటిలో ఏదో ఒకటి కుదురుతుందేమో చూడండి. ‘మై బుక్’ కుదిరింది, నౌన్. ‘ద డిసిషన్’ కుదిరింది, నౌన్. ‘ద డిసైడ్’ కుదరలేదు, కాదు. మాట ముందు ఇన్, ఆన్, ఫర్, విత్ లాంటి ప్రిపొజిషన్ ఉంటే ఆ తర్వాత వచ్చేది నౌనో, నౌన్ స్థానంలో నిలబడ్డ మాటో అయి ఉంటుంది.

కొన్ని క్రియలు ఇంగ్ తగిలించుకుని నౌన్‌గా పనిచేస్తాయి. ‘స్విమ్మింగ్ ఈజ్ గుడ్ ఎక్సర్‌సైజ్’లో స్విమ్మింగ్ అంటే ఈత కొట్టడం. తెలుగులో చదవడం, రాయడం, నడవడం అంటామే, అదే పని ఇది.

ఇంకో చిన్న సంగతి. కొన్ని మాటలకు స్పెల్లింగ్ మారకుండానే ఊనిక మారుతుంది. ‘రికార్డ్’ను నౌన్‌గా పలికితే మొదటి భాగం మీద ఒత్తు పడుతుంది, క్రియగా పలికితే రెండో భాగం మీద పడుతుంది. ప్రెజెంట్, పర్మిట్, ఆబ్జెక్ట్ కూడా ఇంతే. తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు కాబట్టి మన చెవి దీన్ని సులువుగా పట్టుకోదు. నాలుగుసార్లు పైకి అని చూడాల్సిందే.

రెండో అడుగు: ఒక్కరి సొంత పేరా, అందరికీ చెందిన పేరా

‘రివర్’ ఏ నదికైనా చెల్లుతుంది కాబట్టి కామన్ నౌన్. ‘నైల్’ ఒక్క నదిదే కాబట్టి ప్రాపర్ నౌన్. ఈ తేడా అందరికీ తెలుసు. వాక్యంలోకి వచ్చాక రెండు చోట్ల తడబడతాం.

ఒకటి పెద్ద అక్షరం. ప్రాపర్ నౌన్ వాక్యం మధ్యలో వచ్చినా క్యాపిటల్ లెటర్‌తోనే మొదలవ్వాలి. మనుషుల పేర్లకు, దేశాలకు మర్చిపోం. వారాలు, నెలలు, భాషల దగ్గర మర్చిపోతాం. మండే, జనవరి, ఇంగ్లిష్, ఫ్రెంచ్ అన్నిటికీ క్యాపిటల్ కావాలి. ఋతువులకు అక్కర్లేదు: సమ్మర్, వింటర్ చిన్న అక్షరంతోనే మొదలవుతాయి.

రెండోది ‘ద’. ప్రాపర్ నౌన్ ముందు మామూలుగా ఏమీ రాదు. ‘ఆఫ్రికా ఈజ్ ఎ కాంటినెంట్’ అంటాం కానీ ‘ద ఆఫ్రికా’ అనం. అయితే నదులు, సముద్రాలు, మహాసముద్రాలు, పర్వత శ్రేణులు ‘ద’ అడుగుతాయి: ద నైల్, ద పసిఫిక్, ద హిమాలయాస్. ఒక్క శిఖరం గానీ ఒక్క సరస్సు గానీ అడగదు: మౌంట్ ఎవరెస్ట్, లేక్ విక్టోరియా. దేశాల్లో ఎక్కువ వాటికి అక్కర్లేదు. పేరులో స్టేట్స్, కింగ్‌డమ్ లాంటి కామన్ నౌన్ ఉన్నా, పేరే బహువచనంగా ఉన్నా ‘ద’ వస్తుంది: ద యునైటెడ్ స్టేట్స్, ద యునైటెడ్ కింగ్‌డమ్, ద నెదర్లాండ్స్, ద ఫిలిప్పీన్స్.

ఒక్కోసారి మనిషి పేరు అరిగి అరిగి కామన్ నౌన్ అయిపోతుంది. జేమ్స్ వాట్ పేరు నుంచి వాట్, అలెసాండ్రో వోల్టా పేరు నుంచి వోల్ట్, రుడాల్ఫ్ డీజిల్ పేరు నుంచి డీజిల్ వచ్చాయి. 1880లో ఐర్లండ్‌లో రైతులు చార్లెస్ బాయ్‌కాట్ అనే ఎస్టేటు ఏజెంటును వెలివేస్తే ఆయన ఇంటిపేరే మాటగా మిగిలిపోయింది. ఇప్పుడు వీటిని వాక్యం మధ్యలో చిన్న అక్షరంతోనే రాస్తారు. పేరుకు ఎస్ తగిలించి ‘సిక్స్టీ వాట్స్’ అనగలుగుతున్నామంటే అది పూర్తిగా కామన్ నౌన్ అయిపోయినట్టే.

మూడో అడుగు: లెక్కకు వస్తుందా, రాదా

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. తెలుగువాళ్లు ఇంగ్లిష్‌లో చేసే నౌన్ తప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్కచోటే ఉంటాయని నా లెక్క. మెటీరియల్, ఆబ్‌స్ట్రాక్ట్ అని రెండు రకాలుగా చదువుకున్నవాటిలో చాలావరకు ఇక్కడికొచ్చేసరికి ఒకే గూట్లో చేరతాయి: అన్‌కౌంటబుల్.

లెక్కకు రాని నౌన్‌కు మూడు షరతులు. ముందు ‘ఎ’ గానీ ‘యాన్’ గానీ రాదు. వెనక ఎస్ రాదు. పక్కన క్రియ ఎప్పుడూ ఏకవచనమే.

తెలుగులో కూడా ఈ భేదం ఉంది. ‘ఒక ఇసుక’ అనం, ‘రెండు బంగారాలు’ అనం. కాబట్టి శాండ్, గోల్డ్, ఆయిల్, స్మోక్ లాంటివాటితో పెద్దగా ఇబ్బంది లేదు. నీళ్లు, పాలు మాత్రం తెలుగులో బహువచనాలు. నీళ్లు వచ్చాయి, పాలు విరిగాయి అంటాం. ఇంగ్లిష్‌లో ‘ద వాటర్ ఈజ్ కోల్డ్’, ‘ద మిల్క్ ఈజ్ ఫ్రెష్’ అనే అనాలి. తెలుగు చెవికి ఆర్ సరిపోతుందనిపిస్తుంది, దాన్ని నమ్మకండి.

అసలు ప్రమాదం ఇంకో జాబితాతో ఉంది. తెలుగులో మనం హాయిగా లెక్కపెట్టే వాటిని ఇంగ్లిష్ లెక్కపెట్టనివ్వదు. నాలుగు సలహాలు ఇచ్చాడంటాం, కానీ అడ్వైస్ లెక్కకు రాదు. రెండు వార్తలు విన్నానంటాం, న్యూస్ లెక్కకు రాదు. సామాన్లు సర్దానంటాం, లగేజ్ గానీ ఫర్నిచర్ గానీ లెక్కకు రావు. నగలు చాలా ఉన్నాయంటాం, జ్యువెలరీ లెక్కకు రాదు. చాలా పనులున్నాయంటాం, వర్క్ లెక్కకు రాదు. ‘ఐ హావ్ మెనీ వర్క్స్’ అని ఎంతమంది నోటో విన్నాను. అనాల్సింది ‘ఐ హావ్ ఎ లాట్ ఆఫ్ వర్క్’. ఎక్విప్‌మెంట్, మెషినరీ, హోంవర్క్, ట్రాఫిక్, సీనరీ, ప్రోగ్రెస్, వెదర్ కూడా ఈ గుంపులోవే. వెదర్‌కు ‘ఎ’ కూడా రాదు: ‘వాట్ ఎ లవ్‌లీ డే’ అనొచ్చు, ‘వాట్ లవ్‌లీ వెదర్’ దగ్గర మాత్రం ఎ ఉండదు.

ఇన్ఫర్మేషన్ సంగతి విచిత్రం. తెలుగులోనూ సమాచారం అంటాం కానీ సమాచారాలు అనం. అంటే నా దరఖాస్తులో ఎస్ తెలుగు నుంచి రాలేదు. ‘అన్ని వివరాలూ పంపండి’ అని మనసులో అనుకుని, వివరాలులోని బహువచనాన్ని ఇన్ఫర్మేషన్‌కు అంటించాను. వివరాలే కావాలంటే ‘డీటెయిల్స్’ అనే మాట ఉండనే ఉంది, దానికి ఎస్ హాయిగా వస్తుంది.

మరి లెక్కపెట్టాల్సి వస్తే? పక్కన ఒక కొలతనో ముక్కనో పెట్టుకోవాలి. తెలుగులో బియ్యాన్ని గింజల్లోనో కిలోల్లోనో లెక్కపెట్టినట్టే. ఎ పీస్ ఆఫ్ అడ్వైస్, టూ పీసెస్ ఆఫ్ ఫర్నిచర్, త్రీ బ్యాగ్స్ ఆఫ్ లగేజ్, ఎ గ్లాస్ ఆఫ్ వాటర్, ఎ బార్ ఆఫ్ సోప్, ఎ షీట్ ఆఫ్ పేపర్. బహువచనం చేయాల్సింది ఆ కొలత మాటనే. ‘టూ గ్లాసెస్ ఆఫ్ వాటర్’లో వాటర్ కదలదు.

ఒకే మాట రెండు గూళ్లలోనూ తిరుగుతుంటే అర్థం మారుతుంది. ‘హెయిర్’ అంటే జుట్టు, లెక్కకు రాదు: ‘హర్ హెయిర్ ఈజ్ లాంగ్’. ‘ఎ హెయిర్’ అంటే ఒక వెంట్రుక: ‘దేర్ ఈజ్ ఎ హెయిర్ ఆన్ యువర్ షర్ట్’. తెలుగులో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి కాబట్టి ఈ తేడా మనకు బాగా గుర్తుంటుంది. ‘గ్లాస్’ అంటే గాజు, ‘ఎ గ్లాస్’ అంటే గ్లాసు, ‘గ్లాసెస్’ అంటే కళ్లద్దాలు కూడా. ‘ఐరన్’ ఇనుము, ‘యాన్ ఐరన్’ ఇస్త్రీ పెట్టె. ‘ఎక్స్‌పీరియన్స్’ అంటే ఇన్నేళ్లు పనిచేసి సంపాదించిన అనుభవం, ‘యాన్ ఎక్స్‌పీరియన్స్’ అంటే ఒక రోజు జరిగిన సంఘటన. దరఖాస్తులో ‘ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ అని రాయాలి. ఎక్స్‌పీరియన్సెస్ అంటే చదివేవాళ్లు కథలేవో చెప్పబోతున్నారనుకుంటారు.

ఈ విభజనను బట్టే ముందొచ్చే మాటలూ మారతాయి. లెక్కకు వచ్చేవాటికి మెనీ, ఫ్యూ, ఎ నంబర్ ఆఫ్. రానివాటికి మచ్, లిటిల్, యాన్ అమౌంట్ ఆఫ్. ఎ లాట్ ఆఫ్, సమ్ రెండింటికీ నడుస్తాయి. అనుమానం వచ్చినప్పుడు ‘సమ్’ పెట్టేయండి, మామూలు వాక్యాల్లో చాలావరకు తప్పు దొరకదు.

‘ఫ్యూ’కీ ‘ఎ ఫ్యూ’కీ తేడా చెప్పడానికి పుస్తకాలు పేజీలు ఖర్చు పెడతాయి. తెలుగులో ఒక్క ‘ఏ’తో తేలిపోతుంది. ‘ఐ హావ్ ఎ ఫ్యూ ఫ్రెండ్స్’ అంటే నాకు కొందరు స్నేహితులున్నారు. ‘ఐ హావ్ ఫ్యూ ఫ్రెండ్స్’ అంటే నాకు కొందరే ఉన్నారు. ఎ లిటిల్, లిటిల్ కూడా అంతే: కొంచెం ఉంది, కొంచెమే ఉంది.

నాలుగో అడుగు: ఒకటి దాటితే

లెక్కకు వస్తుందని తేలాక బహువచనం చేయడం. చాలా మాటలకు ఎస్ చాలు. చివర ఎస్, ఎస్‌హెచ్, ఎక్స్, చ శబ్దం ఉంటే ఈఎస్: బసెస్, డిషెస్, బాక్సెస్, వాచెస్. ‘స్టమక్’ స్పెల్లింగ్ సీహెచ్‌తో ముగిసినా పలికేది క కాబట్టి స్టమక్స్ చాలు. హల్లు తర్వాత వై ఉంటే వై పోయి ఐఈఎస్ వస్తుంది: సిటీ, సిటీస్. వైకి ముందు అచ్చు ఉంటే బాయ్స్, కీస్ అని మామూలుగానే. చివర ఎఫ్ ఉన్నవాటిలో కొన్ని వీగా మారతాయి: లీఫ్‌కు లీవ్స్, నైఫ్‌కు నైవ్స్. రూఫ్, ప్రూఫ్, బిలీఫ్, చీఫ్ మాత్రం మారవు. చివర ఓ ఉన్న హీరో, ఎకో ఈఎస్ తీసుకుంటాయి. ఫోటో, వీడియో, పియానోకి ఎస్ సరిపోతుంది. దీనికి గట్టి సూత్రమేదీ లేదు, చూసి గుర్తుపెట్టుకోవాలి.

పలకడంలో ఇంకో మెలిక ఉంది. ఆ ఎస్ అన్నిచోట్లా స్ కాదు. క, ప, ట లాంటి శబ్దాల తర్వాత స్: బుక్స్, కప్స్. అచ్చుల తర్వాత, గ, బ, డ, న లాంటివాటి తర్వాత జ్ లాగా వినిపిస్తుంది: డాగ్జ్, పెన్జ్. బస్, బాక్స్, వాచ్ లాంటివాటి తర్వాత ఇజ్. మనం అన్నిటినీ స్ అనేస్తాం. అర్థమైతే అవుతుంది గానీ ఇంగ్లిష్ వాళ్లు మాట్లాడేది వినేటప్పుడు ఈ తేడా తెలిసుంటే పని సులువు.

పాత ఇంగ్లిష్‌లో బహువచనానికి చాలా దారులుండేవి. ఆ ఆనవాళ్లే ఇవాళ్టి తిక్క మాటలు: మ్యాన్ మెన్, ఫుట్ ఫీట్, టూత్ టీత్, మౌస్ మైస్, చైల్డ్ చిల్డ్రన్, ఆక్స్ ఆక్సెన్. ‘విమెన్’ను ఉమెన్ అని పలికేవాళ్లు చాలామంది. ఏకవచనం ఉమన్, బహువచనం విమెన్. స్పెల్లింగ్‌లో మారేది రెండో అచ్చు, నోట్లో ఎక్కువగా తెలిసేది మొదటిది.

షీప్, డీర్, ఎయిర్‌క్రాఫ్ట్, సిరీస్, స్పీషీస్ ఒకటైనా వందైనా మారవు. గ్రీకు, లాటిన్ నుంచి వచ్చినవాటిలో కొన్ని ఆ భాషల బహువచనాన్నే వెంట తెచ్చుకున్నాయి: క్రైసిస్ క్రైసీజ్, అనాలసిస్ అనాలసీజ్, ఫినామినన్ ఫినామినా, క్రైటీరియన్ క్రైటీరియా. ‘దిస్ క్రైటీరియా’ అని పెద్ద పెద్ద ప్రెజెంటేషన్లలో కూడా కనిపిస్తుంది, అది తప్పు. డేటా కూడా మొదట బహువచనమే. శాస్త్ర వ్యాసాల్లో ఇప్పటికీ ‘డేటా ఆర్’ అని రాస్తారు, మామూలు వాడుకలో ‘డేటా ఈజ్’ స్థిరపడిపోయింది.

ఇక పైకి ఒకలా, లోపల ఒకలా ఉండేవి. న్యూస్, మ్యాథమాటిక్స్, ఫిజిక్స్, ఎకనమిక్స్, మీజిల్స్ చివర ఎస్ ఉన్నా ఏకవచనాలే: ‘ఫిజిక్స్ ఈజ్ డిఫికల్ట్’. పీపుల్, పోలీస్, క్యాటిల్ ఎస్ లేకున్నా బహువచనాలు: ‘ద పోలీస్ హావ్ కమ్’. తెలుగులోనూ పోలీసులు వచ్చారంటాం కాబట్టి ఇది ఇట్టే గుర్తుంటుంది. ఒక్కడే వచ్చాడంటే ‘ఎ పోలీస్ ఆఫీసర్’. కత్తెర మనకు ఒకటే గానీ ఇంగ్లిష్‌కు రెండు రేకులు కనిపిస్తాయి: ‘ద సిజర్స్ ఆర్ ఆన్ ద టేబుల్’. ఒకటే అని చెప్పాలంటే ‘ఎ పెయిర్ ఆఫ్ సిజర్స్’. ట్రౌజర్స్, స్పెక్టకిల్స్ అంతే.

ఐదో అడుగు: గుంపు ఒకటా, చాలామందా

టీమ్, కమిటీ, ఫ్యామిలీ, క్రౌడ్, గవర్నమెంట్ కలెక్టివ్ నౌన్లు. అమెరికా ఇంగ్లిష్ వీటిని దాదాపు ఎప్పుడూ ఒక్కటిగానే చూస్తుంది: ‘ద టీమ్ ఈజ్ రెడీ’. బ్రిటిష్ ఇంగ్లిష్ గుంపులోని మనుషులు కనిపిస్తే ‘ద టీమ్ ఆర్ ఆర్గ్యుయింగ్’ అని కూడా ఒప్పుకుంటుంది. క్రికెట్ కామెంటరీలో ‘ఇంగ్లండ్ ఆర్ బ్యాటింగ్’ అని వినిపించేది ఇందుకే. రెండూ తప్పు కాదు. ఒక వ్యాసంలో ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి.

స్టాఫ్ కూడా గుంపే. ‘హీ ఈజ్ ఎ స్టాఫ్’ కుదరదు, ‘ఎ మెంబర్ ఆఫ్ స్టాఫ్’ అనాలి. ఆల్ఫాబెట్ కూడా అంతే. ‘బి ఈజ్ యాన్ ఆల్ఫాబెట్’ అంటారు చాలామంది. ఆల్ఫాబెట్ అంటే మొత్తం అక్షరమాల. బి అందులోని 26 లెటర్లలో ఒకటి.

జంతువుల గుంపులకు హర్డ్, ఫ్లాక్, ప్యాక్, స్వార్మ్ అని ఒక పొడవాటి పట్టీ ఉంటుంది. పోటీ పరీక్షకు కావాలంటే చదవండి, మాట్లాడటానికి ఈ నాలుగూ చాలు.

ఆరో అడుగు: భావాలకు పేర్లు

ఆబ్‌స్ట్రాక్ట్ నౌన్ అంటే కంటికి కనబడనిది, చేతికి అందనిది: హానెస్టీ, ఫియర్, చైల్డ్‌హుడ్. వీటి లాభం ఏమిటంటే తోకలు తెలిస్తే మీరే తయారు చేసుకోవచ్చు. కైండ్‌కు నెస్ తగిలిస్తే కైండ్‌నెస్, ఏబుల్ నుంచి ఎబిలిటీ, డిసైడ్ నుంచి డిసిషన్, మూవ్ నుంచి మూవ్‌మెంట్, ఫ్రెండ్ నుంచి ఫ్రెండ్‌షిప్, ఫ్రీ నుంచి ఫ్రీడమ్. లాంగ్, స్ట్రాంగ్, వైడ్, డీప్ మాత్రం లోపల అచ్చు కూడా మార్చుకుని లెంగ్త్, స్ట్రెంగ్త్, విడ్త్, డెప్త్ అవుతాయి.

అడ్వైస్, అడ్వైజ్ దగ్గర జాగ్రత్త. సలహా అయితే స శబ్దం, స్పెల్లింగ్‌లో సీ. సలహా ఇవ్వడమైతే జ శబ్దం, స్పెల్లింగ్‌లో ఎస్.

జీవితం, ప్రేమ, భయం అని మొత్తంగా మాట్లాడేటప్పుడు ముందు ఏమీ పెట్టకండి: ‘లైఫ్ ఈజ్ షార్ట్’. ఎవరి జీవితమో చెప్పాక ‘ద’ వస్తుంది: ‘ద లైఫ్ ఆఫ్ ఎ సెయిలర్ ఈజ్ హార్డ్’.

ఏడో అడుగు: ఎ, యాన్, ద

తెలుగులో ఆర్టికల్స్ లేవంటారు. మాటగా లేవు గానీ ఆ స్పృహ ఉంది. ‘అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు’ అంటాం కదా. మొదటిసారి ‘ఒక’ రాజు, ఎవరో తెలిశాక ‘ఆ’ రాజు. ఇంగ్లిష్‌లో ‘ఎ కింగ్’, తర్వాత ‘ద కింగ్’. వినేవాడికి ఏదో తెలియకపోతే ఎ, తెలిస్తే ద. ‘క్లోజ్ ద డోర్’ అన్నప్పుడు ఏ తలుపో ఇద్దరికీ తెలుసు. తేడా ఒక్కటే: తెలుగులో ఒక, ఆ లేకుండా కూడా నడుస్తుంది. ఇంగ్లిష్‌లో లెక్కకు వచ్చే ఏకవచన నౌన్ ఒంటరిగా నిలబడలేదు. ‘ఐ బాట్ పెన్’ కుదరదు, ముందు ఎ, ద, మై ఏదో ఒకటి ఉండాలి.

ఎ, యాన్‌ల మధ్య ఎంపిక అక్షరాన్ని బట్టి కాదు, శబ్దాన్ని బట్టి. తెలుగు వచ్చినవాళ్లకు ఇది చాలా సులువు. మాటను తెలుగు లిపిలో రాయండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో అయితే ఎ. అవర్ అచ్చు, యాన్ అవర్. యూనివర్సిటీ హల్లు, ఎ యూనివర్సిటీ. వన్-వే వకారం, ఎ వన్-వే రోడ్. ఎక్స్‌రే అచ్చు, యాన్ ఎక్స్‌రే. కొన్నిచోట్ల ఈ చిట్కా తప్పుతుంది. యాక్టర్, యాంగిల్ లాంటి మాటల్లోని మొదటి శబ్దానికి తెలుగులో అచ్చు లేక యా రాస్తాం. అది నిజానికి అచ్చే, కాబట్టి యాన్ యాక్టర్. ఉమన్, ఇయర్ లాంటివాటిని తెలుగులో అచ్చుతో రాసినా ఇంగ్లిష్‌లో అవి హల్లు శబ్దంతోనే మొదలవుతాయి, కాబట్టి ఎ ఉమన్, ఎ ఇయర్.

మాటకూ ఆర్టికల్‌కూ మధ్య గీత చెరిగిపోయి ఇంగ్లిష్ వాళ్లే ఒకప్పుడు తికమకపడ్డారు. ఏప్రన్ అసలు మాట నేప్రన్. ‘ఎ నేప్రన్’ను వినీ వినీ ‘యాన్ ఏప్రన్’ అనుకుని నకారాన్ని ఆర్టికల్‌కు ఇచ్చేశారు.

ఎనిమిదో అడుగు: ఎవరిది, ఏ రకానిది

మా నాన్న స్నేహితుడు అనడానికి తెలుగులో మధ్యలో ఏ గుర్తూ అక్కర్లేదు. అందుకే ‘మై ఫాదర్ ఫ్రెండ్’ అనేస్తాం. ఇంగ్లిష్‌లో అపాస్ట్రఫీ (అక్షరం పక్కన పైన పెట్టే కామా లాంటి గుర్తు), ఎస్ పెట్టి ‘మై ఫాదర్స్ ఫ్రెండ్’ అనాలి. బహువచనం అప్పటికే ఎస్‌తో ముగిస్తే అపాస్ట్రఫీ ఆ ఎస్ తర్వాత వస్తుంది. చిల్డ్రన్, విమెన్ లాంటివాటికి ఎస్ లేదు కాబట్టి మామూలుగా అపాస్ట్రఫీ ఎస్. నిర్జీవ వస్తువులకు ఎక్కువగా ఆఫ్ వాడతారు: ద కలర్ ఆఫ్ ద వాల్. కాలానికి మాత్రం అపాస్ట్రఫీ నప్పుతుంది: టుడేస్ పేపర్, ఎ వీక్స్ లీవ్.

రెండు నౌన్లు పక్కపక్కన చేరితే మొదటిది రెండోదాన్ని వర్ణిస్తుంది, మామూలుగా ఏకవచనంలోనే ఉంటుంది. షూ షాప్‌లో ఎన్ని షూస్ ఉన్నా అది షూ షాపే. ‘ఐదేళ్ల పిల్లాడు’లో మనకు ఏళ్లు బహువచనం, ఇంగ్లిష్‌లో ‘ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్’, ఇయర్‌కు ఎస్ లేదు. కలిసిపోయిన మాటల్లో ముఖ్యమైన భాగానికే ఎస్: మదర్స్-ఇన్-లా, పాసర్స్-బై.

లింగం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఇంగ్లిష్‌లో క్రియ లింగాన్ని బట్టి మారదు, హీ, షీ, ఇట్ సరిగ్గా పెడితే చాలు. పాత ఫైర్‌మన్, చైర్మన్ బదులు ఫైర్‌ఫైటర్, చైర్‌పర్సన్ వాడటం పెరిగింది. ‘కజిన్ బ్రదర్’ మన సొంత తయారీ. కజిన్ ఆడా మగా ఇద్దరికీ ఒకటే మాట, బ్రదర్ తగిలించక్కర్లేదు.

తొమ్మిదో అడుగు: వాక్యంలో చోటు

‘పిల్లి ఎలుకను తరిమింది’, ‘ఎలుకను పిల్లి తరిమింది’. ఎటు తిప్పినా తరిమింది పిల్లే, ఎందుకంటే ఎలుకకు ‘ను’ తగిలి ఉంది. ఇంగ్లిష్ నౌన్‌కు అలాంటి విభక్తి లేదు. ‘ద క్యాట్ చేజ్డ్ ద మౌస్’ను తిప్పితే ఎలుక పిల్లిని తరుముతుంది. విభక్తి చేయాల్సిన పని ఇక్కడ చోటు చేస్తుంది. క్రియకు ముందు కర్త, తర్వాత కర్మ. ఒకరికి ఏదైనా ఇవ్వడం గురించి చెప్పే క్రియ అయితే ముందు మనిషి, తర్వాత వస్తువు: ‘షీ గేవ్ ద బాయ్ ఎ బుక్’. వస్తువు ముందొస్తే టు కావాలి: ‘షీ గేవ్ ఎ బుక్ టు ద బాయ్’. బీ క్రియ (ఈజ్, ఆర్, వాజ్ లాంటివి) తర్వాత వచ్చే నౌన్ కర్తనే ఇంకో పేరుతో చెబుతుంది: ‘మై సిస్టర్ ఈజ్ ఎ డాక్టర్’. ఇక్కడ ‘ఎ’ మర్చిపోతుంటాం, మా అక్క డాక్టర్ అంటే మనకు సరిపోతుంది కాబట్టి.

క్రియను కర్తతోనే జోడించాలి, పక్కన కూర్చున్న నౌన్‌తో కాదు. ‘ద లిస్ట్ ఆఫ్ నేమ్స్ ఈజ్ లాంగ్’. పొడవుగా ఉన్నది లిస్ట్. ‘ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ స్మాల్’, కానీ ‘ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్ ఆబ్సెంట్’. మొదటిదాంట్లో సంఖ్య గురించి, రెండోదాంట్లో చాలామంది విద్యార్థుల గురించి మాట్లాడుతున్నాం.

ఒక పేరా దిద్దుదాం

ఎవరైనా రాసేలాంటి పేరా ఇది: ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్ ఈజ్ ఎ లైబ్రేరియన్. హీ గేవ్ మీ మెనీ అడ్వైజెస్. మై ఫాదర్ ఫ్రెండ్ ఆల్సో సెంట్ సమ్ బుక్. ద లిస్ట్ ఆఫ్ క్వశ్చన్స్ ఆర్ లాంగ్, బట్ ఐ హావ్ టూ వీక్స్ హాలిడే.’

మొదటి వాక్యంలో ఫ్రెండ్ కాదు, ఫ్రెండ్స్. ‘నా స్నేహితుల్లో ఒకడు’ అని తెలుగులోనే బహువచనం ఉంది, దాన్ని వింటే చాలు. రెండో వాక్యంలో అడ్వైస్ లెక్కకు రాదు కాబట్టి మెనీ పోవాలి, చివరి ఎస్ పోవాలి: ‘ఎ లాట్ ఆఫ్ అడ్వైస్’. మూడోదాంట్లో ఫాదర్స్ ఫ్రెండ్. సమ్ తర్వాత లెక్కకు వచ్చే నౌన్ బహువచనంలో ఉండాలి: సమ్ బుక్స్. నాలుగోదాంట్లో కర్త లిస్ట్, అందుకే ఈజ్.

ఇంకో తప్పు మిగిలింది. చదివి వినిపిస్తే అది ఎవరి చెవికీ దొరకదు, ‘టూ వీక్స్ హాలిడే’ వినడానికి సరిగ్గానే ఉంది. కాగితం మీద మాత్రం రెండు వారాల సెలవు కాబట్టి, వీక్స్ చివరి ఎస్ తర్వాత పైన ఒక అపాస్ట్రఫీ పెట్టాలి.